పేగు అడుగుతుంది, క్లోమం ఇస్తుంది



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ గురువుగారు మాకు శరీరధర్మశాస్త్రం చెప్పారు. ఏ అవయవం పాఠం మొదలుపెట్టినా, అది ఏం చేస్తుందో చెప్పేముందు ఆ సంగతి ఎవరికి తెలిసింది, ఎలా తెలిసింది అన్నది చెప్పేవారు. పరీక్షలో అడగని ఆ భాగమే మాలో చాలామందికి జీవితాంతం గుర్తుండిపోయింది. ఈ సాయంత్రం నేనూ ఆ పద్ధతిలోనే మాట్లాడతాను.

జీర్ణం అనగానే మన చెయ్యి పొట్ట మీదికి పోతుంది. జఠరం చేసే పని తక్కువదేమీ కాదు. అయినా ఆపరేషన్‌లో జఠరం మొత్తం తీసేసిన మనుషులు కొంచెం కొంచెంగా తింటూ, బి12 ఇంజెక్షన్లు తీసుకుంటూ ఏళ్ల తరబడి బతుకుతున్నారు. చిన్నపేగు మొత్తం పోతే మాత్రం నోటితో తిన్నది ఒంటికి పట్టదు; పోషణ నరం ద్వారా ఎక్కించాల్సిందే. అన్నంలోని పిండి, పప్పులోని మాంసకృత్తులు, నెయ్యిలోని కొవ్వు మనవి అయ్యేది చిన్నపేగులోనే. అందుకు కావలసిన ఎంజైములలో ఎక్కువ భాగం జఠరం వెనకాల అడ్డంగా పడుకొని ఉండే క్లోమం నుంచి వస్తుంది. క్లోమం పొడవు 15 సెంటీమీటర్లు, బరువు 100 గ్రాములకు కాస్త అటూ ఇటూ. అంత చిన్న గ్రంథి రోజుకు లీటరు నుంచి లీటరున్నర దాకా రసం స్రవిస్తుంది. అంటే తన బరువుకు పదింతలు.

క్లోమం పేరు చెబితే ఇప్పుడు అందరికీ ఇన్సులిన్, షుగరు జబ్బు గుర్తొస్తాయి. ఇన్సులిన్ తయారుచేసే కణ సమూహాలు గ్రంథి మొత్తంలో ఒకటి రెండు శాతమే. మిగిలిన భాగం దాదాపుగా జీర్ణరసం కోసమే పనిచేస్తుంది. నేను మాట్లాడబోయేది ఆ మిగిలిన భాగం గురించి, అది ఎవరి మాట విని పనిచేస్తుందో దాని గురించి. రసం చేసేది క్లోమం. ఎప్పుడు కావాలి, ఎంత కావాలి, ఏ రకం కావాలి అన్నది తేల్చేది పేగు. ఆ రసంలోని ఎంజైములను మేల్కొలిపేది కూడా పేగే. ఈ కట్టుబాటు సక్రమంగా ఉన్నంతకాలం మనకు దాని ఊసే తెలియదు. అది తప్పిన రోజున ప్రాణం మీదికి వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ కథ ఇటలీలోని పాదువా నగరంలో మొదలవుతుంది. 1642లో వీర్సుంగ్ అనే జర్మన్ శరీరశాస్త్రవేత్త, ఉరితీసిన ఒక ఖైదీ శవాన్ని పరిశీలిస్తూ క్లోమం పొడవునా సాగే నాళాన్ని చూశాడు. దాని బొమ్మను రాగిరేకు మీద చెక్కించి, ముద్రలు తీసి, ఐరోపాలోని పెద్ద పండితులకు పంపాడు. ఇది దేనికోసమో మీకు తెలిస్తే చెప్పమని అడిగాడు. ఎవరూ చెప్పలేకపోయారు. మరుసటి ఏడాదే ఆయన తన ఇంటి ముందు హత్యకు గురయ్యాడు. నాళానికి మాత్రం ఆయన పేరు నిలిచిపోయింది. 1664లో డచ్చి యువకుడు రెన్యే ద గ్రాఫ్ కుక్క క్లోమనాళంలోకి పక్షి ఈక గొట్టాన్ని దూర్చి, రసాన్ని సీసాలోకి పట్టాడు. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు. రసం చేతికి చిక్కింది గాని దాని పని ఏమిటో తేలలేదు. క్లోమరసం ఆమ్లమని ఆయన గురువు సిల్వియస్ నమ్మకం. శిష్యుడూ అదే నమ్మాడు. నిజానికి అది క్షారం. గురువు సిద్ధాంతం కళ్లకు అడ్డం వస్తే చేతిలో ఉన్నది కూడా కనబడదు.

దాని పని తెలియడానికి మరో రెండు వందల ఏళ్లు పట్టింది. పారిస్‌లో క్లోద్ బెర్నార్ కుందేలు మీద చేసిన పరిశీలన చూడండి. కుందేలుకు ఒక ప్రత్యేకత ఉంది. మనిషిలో పైత్యనాళం, క్లోమనాళం చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి ఒకేచోట తెరుచుకుంటాయి. కుందేలులో పైత్యనాళం పైన ఉంటుంది, క్లోమనాళం దానికి దాదాపు అడుగు దిగువన ఉంటుంది. బెర్నార్ కుందేలుకు కొవ్వు తినిపించి, కాసేపటికి కడుపు తెరిచి చూశాడు. కొవ్వును పీల్చుకున్న శోషరస నాళాలు పాలలా తెల్లబడతాయి కదా. ఆ తెలుపు పైత్యరసం కలిసిన చోట మొదలు కాలేదు. క్లోమరసం కలిసిన చోటు దాటాకే మొదలైంది. కొవ్వు జీర్ణం కావడానికి క్లోమరసం కావాలన్నది ఆ ఒక్క చూపుతో తేలింది. ప్రకృతి తానే రెండు నాళాలను విడదీసి ప్రయోగం సిద్ధం చేసిపెట్టింది. దాన్ని ప్రయోగంగా గుర్తించడం బెర్నార్ గొప్పదనం. క్లోమం మీద ఆయన పెద్ద గ్రంథం 1856లో వచ్చింది. క్లోమరసం పిండినీ, మాంసకృత్తులనూ కూడా విడగొడుతుందని ఆ కాలంలోనే తేలింది. మాంసకృత్తులను విడగొట్టే ఎంజైముకు 1876లో జర్మనీలో క్యూనె ట్రిప్సిన్ అని పేరు పెట్టాడు.

ఇక అసలు ప్రశ్న. భోజనం పేగులోకి దిగిందని జఠరం వెనకాల ఉన్న క్లోమానికి ఎలా తెలుస్తుంది?

పందొమ్మిదో శతాబ్దం చివర ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల అధికారం ఒక్కరికే ఉండేది: సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఇవాన్ పావ్లోవ్‌కు. కుక్కలకు నేర్పుగా ఆపరేషన్ చేసి, అవి కోలుకొని మామూలుగా తిని తిరుగుతున్నప్పుడే రసాలు సేకరించే పద్ధతిని ఆయన పరిపూర్ణం చేశాడు. జీర్ణక్రియ మీద చేసిన ఆ పనికే 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. వేగస్ నాడిని ప్రేరేపిస్తే క్లోమం స్రవిస్తుందని చూపింది ఆయనే. జఠరం నుంచి వచ్చే ఆమ్లం ఆంత్రమూలాన్ని తాకితే క్లోమరసం ధారగా వస్తుందని 1894లో ఆయన ప్రయోగశాలలోనే దొలిన్స్కీ గమనించాడు. అదీ నాడుల పనే అనుకున్నారు. ఫ్రాన్స్‌లో వెర్తైమర్, లెపాజ్ నాడులు తెగ్గొట్టి చూశారు. అయినా ఆమ్లం పోస్తే రసం వచ్చింది. అప్పుడు కూడా వాళ్లు, ఎక్కడో తెగని చిన్న నాడి ఏదో మిగిలిపోయి ఉంటుందని సరిపెట్టుకున్నారు. సమాధానం గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది.

1902 జనవరి 16న లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఆ గుమ్మం దాటారు. ఇద్దరూ బంధువులు; స్టార్లింగ్ తోబుట్టువును బేలిస్ పెళ్లి చేసుకున్నాడు. మత్తులో ఉన్న కుక్క చిన్నపేగులో ఒక ముక్కను రెండు పక్కలా ముడివేసి, దానికి వచ్చే నాడులన్నిటినీ జాగ్రత్తగా తెంచేశారు. రక్తనాళాలు మాత్రమే మిగిల్చారు. ఆ ముక్కలోకి పలుచని ఆమ్లం ఎక్కించారు. కొద్దిసేపటికే క్లోమం నుంచి రసం చుక్కలు చుక్కలుగా పడసాగింది. నాడి లేదు, వార్త మాత్రం చేరింది. అయితే అది రక్తంలోనే వెళ్లి ఉండాలి. ఆమ్లమే రక్తంలో కలిసి వెళ్లిందా? ఆమ్లాన్ని నేరుగా సిరలోకి ఎక్కిస్తే క్లోమం కదలదని అప్పటికే తెలుసు. స్టార్లింగ్ వెంటనే పేగు లోపలి పొరను గీకి, ఇసుకా ఆమ్లమూ కలిపి నూరి, వడకట్టి, ఆ ద్రవాన్ని కుక్క మెడ సిరలోకి ఎక్కించాడు. రసం మునుపటికన్నా జోరుగా వచ్చింది. పేగు పొరలో తయారై, రక్తంలో ప్రయాణించి, క్లోమాన్ని పనిలోకి దింపే ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ లండన్ వైద్యుల రాయల్ కాలేజీలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఇలాంటి పదార్థాలన్నిటికీ కలిపి హార్మోన్ అన్న మాట వాడాడు. థైరాయిడ్, ఇన్సులిన్, ఈస్ట్రోజన్ అంటూ ఈరోజు మనం మాట్లాడే శాస్త్రానికి పునాదిరాయి చిన్నపేగులో పడిందన్న సంగతి మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు.

ఈ వార్త పీటర్స్‌బర్గ్ చేరినప్పుడు పావ్లోవ్ ఆ ప్రయోగాన్ని తన ప్రయోగశాలలోనే చేయించి చూశాడట. ఫలితం చూశాక కాసేపు మౌనంగా లోపలికి వెళ్లిపోయి, తిరిగి వచ్చి, వాళ్లు చెప్పిందే నిజమని శిష్యుల ముందే ఒప్పుకున్నాడని ఆయన శిష్యుడు బాబ్కిన్ రాశాడు. జీవితమంతా నాడుల మీద కట్టుకున్న సిద్ధాంతానికి గండి పడుతుంటే అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. పావ్లోవ్ పూర్తిగా ఓడిపోలేదు కూడా. భోజనం చూడగానే, వాసన తగలగానే, నమలగానే వేగస్ నాడి ద్వారా క్లోమం కొంత రసం ముందుగానే వదులుతుందన్నది నేటికీ నిజమే.

ఈ ప్రయోగాలకు కుక్కలు చెల్లించిన మూల్యం గురించి మౌనంగా ఉండటం నాకు సమ్మతం కాదు. 1903 ఫిబ్రవరిలో బేలిస్ ఒక తరగతిలో చేసి చూపిన ప్రయోగం గురించి, కుక్కకు మత్తు సరిపోలేదని, స్పృహలోనే ఉందని ఇద్దరు స్వీడిష్ యువతులు రాశారు. ఆ ఆరోపణ బహిరంగ సభలో చేసినవారి మీద బేలిస్ పరువునష్టం దావా వేసి గెలిచాడు. రెండు వేల పౌండ్ల పరిహారం వచ్చింది. దాన్ని ఆయన ప్రయోగశాలకే ఇచ్చేశాడు. 1906లో లండన్ బాటర్సీలో ఆ గోధుమరంగు కుక్కకు విగ్రహం పెట్టారు. వైద్య విద్యార్థులు దాని మీద దాడికి దిగారు, వీధుల్లో అల్లర్లు జరిగాయి, 1910లో విగ్రహం తీసేశారు. 1985లో మళ్లీ కొత్త విగ్రహం వచ్చింది. కోర్టు బేలిస్ పక్షాన తీర్పు చెప్పింది, నాకు అందులో వివాదం లేదు. కానీ సెక్రెటిన్ పేరు చెప్పేటప్పుడు ఆ కుక్కను కూడా తలుచుకోవడం మన ధర్మం.

ఇప్పుడు మన కంచం దగ్గరికి వద్దాం. ముద్దపప్పు, నెయ్యి, అన్నం తిన్నామనుకోండి. జఠరంలో మెత్తబడి ఆమ్లంతో కలిసిన గుజ్జు కొంచెం కొంచెంగా ఆంత్రమూలంలోకి దిగుతుంది. అందులోని ఆమ్లం తగలగానే పేగు గోడలోని ఒక జాతి కణాలు సెక్రెటిన్‌ను రక్తంలోకి వదులుతాయి. సెక్రెటిన్ వెళ్లి క్లోమంలోని నాళాల కణాలను కదిలిస్తుంది. అవి బైకార్బొనేట్ నిండిన నీళ్లలాంటి రసాన్ని పోస్తాయి. స్రావం జోరు మీదున్నప్పుడు అందులో బైకార్బొనేట్ రక్తంలో ఉన్నదానికి దాదాపు అయిదింతలు ఉంటుంది. ఆ క్షారం ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఆమ్లం విరిగితేనే క్లోమ ఎంజైములు పనిచేయగలవు. ఆమ్లం విరగ్గానే సెక్రెటిన్ కూడా తగ్గిపోతుంది. ఇక నెయ్యి విడివడగా వచ్చిన కొవ్వు ఆమ్లాలు, పప్పులోని మాంసకృత్తుల ముక్కలు పేగులో మరో జాతి కణాలను తాకుతాయి. అవి కొలిసిస్టోకైనిన్ అనే రెండో హార్మోన్‌ను వదులుతాయి. దాని పిలుపుతో పిత్తాశయం ముడుచుకొని పైత్యరసాన్ని పంపుతుంది, క్లోమం ఎంజైములు నిండిన చిక్కని రసాన్ని పంపుతుంది, జఠరం తన వేగం తగ్గించుకుంటుంది. పిత్తాశయాన్ని ముడిచే హార్మోన్‌ను 1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ కనుగొన్నారు. క్లోమ ఎంజైములను రప్పించే హార్మోన్‌ను 1943లో హార్పర్, రేపర్ చూపారు. రెండూ ఒకటేనని 1960లలో స్టాక్‌హోమ్‌లో యార్పెస్, ముట్ తేల్చారు. సెక్రెటిన్‌లో 27 అమైనో ఆమ్లాలు ఉంటాయని లెక్క తేల్చిందీ వాళ్లే.

గోదావరి కాలువల కింద సేద్యం చేసే వాళ్లకు నీళ్లు పైనుంచి వంతుల ప్రకారం వస్తాయి. శివారు చేను అడిగినా అడగకపోయినా లాకులు తీసే వేళ వేరు. పేగులో ఏర్పాటు దీనికి తలకిందులుగా ఉంటుంది. చేనే తన తడి చూసుకొని ఇప్పుడు ఇంత నీరు వదలమని పైకి కబురు పంపుతుంది, తడవగానే చాలనీ చెబుతుంది.

క్లోమంలో ఎంజైములు తయారయ్యే తీరు జీవశాస్త్రం మొత్తానికే ఒక పాఠం అయింది. జార్జ్ పలాడె, జేమ్స్ జేమిసన్ 1967లో గినీపిగ్ క్లోమం నుంచి సన్నని ముక్కలు తీసి, మూడు నిమిషాలపాటు రేడియోధార్మిక లూసిన్ అందించి, ఆ గుర్తు కణంలో ఎటు పోతోందో వెంబడించారు. మొదట గరుకు అంతర్జీవద్రవ్య జాలంలో కనబడింది. దాదాపు ఇరవై నిమిషాలకు గాల్జీ సంక్లిష్టం దగ్గరికి చేరింది. రెండు గంటలకు కణం అంచున గుమిగూడిన కణికల్లో ఉంది. కణంలో తయారైన మాంసకృత్తు బయటికి వెళ్లే దారి అలా తెలిసింది. పలాడెకు 1974లో నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది. దాదాపు ఏ కణమైనా తన సరుకు బయటికి పంపే దారి ఇదే. అది బయటపడటానికి క్లోమమే ఎందుకు పనికొచ్చిందంటే, పెద్దవాళ్ల శరీరంలో ఇంత జోరుగా మాంసకృత్తులు తయారుచేసే అవయవం మరొకటి లేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. మాంసం ముక్కను విడగొట్టే పదార్థాన్ని తయారుచేసే కణం కూడా మాంసకృత్తులతో చేసిందే. తన సరుకే తనను ఎందుకు తినదు? ఎందుకంటే క్లోమం ట్రిప్సిన్‌ను తయారుచేయదు. ట్రిప్సినోజన్‌ను తయారుచేస్తుంది. అందులో ఒక చిన్న తోక అదనంగా ఉంటుంది. అది ఉన్నంతసేపు ఎంజైము నిద్రలో ఉంటుంది. ఆ తోకను తెంపే ఎంటెరోకైనేజ్ క్లోమంలో ఎక్కడా ఉండదు, ఆంత్రమూలం గోడ మీదే ఉంటుంది. దీన్ని 1899లో కనుగొన్నది పావ్లోవ్ దగ్గర పనిచేసిన షెపోవాల్నికోవ్. ట్రిప్సినోజన్ పేగులోకి దిగాక ఎంటెరోకైనేజ్ దాన్ని ట్రిప్సిన్‌గా మారుస్తుంది. ఆ ట్రిప్సిన్ మిగతా ట్రిప్సినోజన్‌నూ, కైమోట్రిప్సినోజన్‌నూ, ప్రోకార్బాక్సీపెప్టిడేజ్‌నూ ఒకదాని తర్వాత ఒకటి మేల్కొలుపుతుంది. పిండిని విడగొట్టే అమైలేజ్, కొవ్వును విడగొట్టే లైపేజ్ మాత్రం మొదటినుంచీ మెలకువగానే ఉంటాయి. అవి క్లోమ కణానికి అంత ప్రమాదకరం కావు. ఇవి చాలవన్నట్టు, పొరపాటున క్లోమంలోనే కాస్త ట్రిప్సిన్ మేల్కొంటే దాన్ని పట్టి బంధించే నిరోధకాన్ని కూడా అదే కణం కణికల్లో కలిపి పంపుతుంది. 1948లో కజాల్ దాన్ని వేరుచేశాడు.

ఇన్ని కట్టుదిట్టాలూ తప్పితే వచ్చేదే పాంక్రియాటైటిస్. ఎంజైములు ఆంత్రమూలం దాకా ఆగకుండా క్లోమంలోనే మేల్కొంటాయి. పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, వాంతులు, తీవ్రమైతే మూత్రపిండాలు, ఊపిరితిత్తులు కూడా దెబ్బతినడం. క్లోమం తనను తానే జీర్ణించుకుంటోందని 1896లోనే చియారీ చెప్పాడు. కారణాల్లో ముందు నిలిచేవి రెండు: పిత్తాశయంలో రాళ్లు, మద్యం. ఆసుపత్రి మంచం మీద ముప్పై ఏళ్లు నిండని కుర్రవాడు మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని మూలగడం చూసిన ఏ వైద్యుడూ మద్యం గురించి తేలిగ్గా మాట్లాడలేడు.

ఈ జబ్బులో మన దక్షిణాదికి ఒక ప్రత్యేకమైన అధ్యాయం ఉంది. తాగుడు అలవాటు లేని పిల్లల్లో, యువకుల్లో క్లోమంలో రాళ్లు కట్టి, చిన్నతనంలో కడుపునొప్పిగా మొదలై, యవ్వనంలో షుగరు జబ్బుగా ముదిరే రకం అది. కేరళలో వైద్యులు గీవర్గీస్ 1960లలో వందల రోగులను పరిశీలించి దీన్ని లోకం దృష్టికి తెచ్చారు. కర్రపెండలం తినడం వల్ల వస్తుందేమోనని చాలాకాలం అనుమానించారు. 2002లో హైదరాబాద్ సీసీఎంబీలో గిరిరాజ్ చందక్ బృందం, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీలో డి. నాగేశ్వరరెడ్డి గారితో కలిసి, ఈ రోగుల జన్యువులను పరిశీలించింది. పాశ్చాత్య దేశాల్లో వంశపారంపర్య పాంక్రియాటైటిస్‌కు కారణమని తేలిన ట్రిప్సినోజన్ జన్యువులో మార్పులు ఇక్కడ కనబడలేదు. చాలామందిలో మార్పు కనబడింది ట్రిప్సిన్‌ను బంధించే ఆ నిరోధకం జన్యువులో. అంటే కజాల్ వేరుచేసిన నిరోధకానికీ, మన ఊళ్లలో కడుపునొప్పితో బడి మానేసిన పిల్లవాడికీ సంబంధం ఉంది. ఆ సంబంధం చూపడంలో మన నగరానికి భాగం ఉన్నందుకు నాకు గర్వంగా ఉంది. ఆ ఒక్క మార్పే జబ్బు తెస్తుందని కాదు. అది ఉండి కూడా ఆరోగ్యంగా ఉన్నవాళ్లున్నారు.

క్లోమం నెమ్మదిగా దెబ్బతిన్నప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. క్లోమానికి ఉన్న నిలవశక్తి అపారం. లైపేజ్ స్రావం మామూలులో పదోవంతుకు పడిపోయేదాకా మలంలో కొవ్వు పోవడం మొదలవదని 1973లో డిమాగ్నో బృందం చూపింది. కాబట్టి మలం జిడ్డుగా, తేలుతూ, దుర్గంధంతో వస్తూ, తిన్నా బరువు తగ్గుతుంటే, అప్పటికే క్లోమం చాలావరకు పోయిందని అర్థం. అలాంటివారికి పంది క్లోమం నుంచి తీసిన ఎంజైములను గొట్టం మాత్రల రూపంలో ఇస్తారు. జఠరంలోని ఆమ్లానికి లైపేజ్ చెడిపోతుంది కాబట్టి, పేగులో మాత్రమే కరిగే పూత వాటికి ఉంటుంది. భోజనంతో పాటు వేసుకుంటేనే అవి పనిచేస్తాయి. పరగడుపున వేసుకొని మందు పనిచేయలేదని మానేసేవారిని చూస్తుంటాం. వైద్యులు ఆ ఒక్క నిమిషం చెప్పి ఉంటే ఆ మందు వృథా అయ్యేది కాదు.

ఇంతవరకు పేగును అడిగేదానిగా చూశాం. అది స్వయంగా ఏం స్రవిస్తుంది? పాఠ్యపుస్తకాల్లో ఆంత్రరసం అని ఒక శీర్షిక కింద మాల్టేజ్, సుక్రేజ్, లాక్టేజ్, పెప్టిడేజ్‌ల జాబితా ఉంటుంది. చదివిన విద్యార్థి ఇవన్నీ పేగులో కారే రసంలో తేలుతుంటాయనుకుంటాడు. అలా కాదు. అవి పేగు గోడ కణాల కొసల మీద, సూక్ష్మచూషకాల పొరకు అతుక్కొని ఉంటాయి. చక్కెరలూ మాంసకృత్తుల చిన్న ముక్కలూ గోడకు తగిలినప్పుడే విడిపోతాయి, అక్కడికక్కడే లోపలికి పోతాయి. చివరి అడుగు జరిగేది గోడ మీదే కాబట్టి చక్కెర బాక్టీరియాల పాలు కాకుండా మనకే దక్కుతుంది. ఈ పాఠ్యాంశాన్ని మన పుస్తకాల్లో సరిదిద్దాలని ఈ వేదిక మీదినుంచి కోరుతున్నాను. పాలు పడని పెద్దవాళ్లకు మజ్జిగ, పెరుగు పడటానికి కూడా కారణం ఇక్కడే ఉంది. వయసుతో గోడమీది లాక్టేజ్ తగ్గుతుంది. పెరుగులోని బాక్టీరియా ఆ పనిలో కొంత తామే చేసిపెడతాయి.

రసం మాత్రం నిజంగానే వస్తుంది. చూషకాల మధ్య గుంటల్లో, 1745లో లీబర్‌క్యూన్ వర్ణించిన గ్రంథుల్లో కణాలు క్లోరైడ్‌ను బయటికి పంపుతాయి, సోడియం, నీరు దాని వెంట వెళ్తాయి. గుజ్జు పలుచబడి గోడకు తగిలేలా చేసేది ఈ నీరే. ఒక్క రోజులో లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, ఆంత్రరసం అన్నీ కలిపి దాదాపు ఏడు లీటర్లు. మనం తాగేది మరో రెండు లీటర్లు. ఆ తొమ్మిదిలో పెద్దపేగుకు చేరేది లీటరు, లీటరున్నర. మలంలో పోయేది గుక్కెడు నీళ్లు. ఇంత నీటిని రోజూ ఇచ్చి పుచ్చుకునే పేగులో ఇవ్వడం ఆగకుండా సాగితే?

అదే కలరా. 1959లో కలకత్తాలో శంభునాథ్ దే, కలరా బాక్టీరియాను వడకట్టి తీసేసిన ద్రవాన్నే కుందేలు పేగు ముక్కలో వేసి చూశాడు. పేగు నీటితో ఉబ్బిపోయింది. బాక్టీరియా అవసరమే లేదు, అది వదిలిన విషం చాలు. ఆ విషం గుంటల్లోని కణాల్లో క్లోరైడ్ ద్వారాన్ని తెరిచి మూయనివ్వదు. రోగి గంటకు లీటరు దాకా నీరు కోల్పోవచ్చు. ఆ ద్వారమే పుట్టుకతో పనిచేయకపోతే వచ్చేది సిస్టిక్ ఫైబ్రోసిస్. క్లోమరసం చిక్కబడి నాళాలు పూడిపోతాయి. ఒక్క ద్వారం, తెరిచే ఉంటే ఒక మరణం, మూసే ఉంటే మరొకటి. దే చేసిన పనికి ఆయన బతికుండగా మన దేశం తగిన గౌరవం ఇవ్వలేదు. ఇది నా తీర్పు; వెనక్కి తీసుకోను.

ఆ విషం ఒక దారిని మాత్రం మూయలేకపోయింది. పేగు గోడ గ్లూకోజును లోపలికి తీసుకునేటప్పుడు దాంతోపాటు సోడియంనూ తీసుకుంటుంది, నీరు వెంట వస్తుంది. రాబర్ట్ క్రేన్ 1960లో ఈ సంగతి చెప్పాడు. విరేచనాలకు తాగించే ఓఆర్‌ఎస్ నిలబడింది దీని మీదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులతో నిండిన బొంగావ్ శిబిరంలో దిలీప్ మహలనబిస్, సెలైన్ అయిపోతే, ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

చిన్నపేగుకు వచ్చే మరో జబ్బు, చూషకాలు చితికిపోయే స్ప్రూ, మన తెలుగువాడి జీవితాన్నే మలుపు తిప్పింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు ఆ జబ్బుతో పోయారు. ఆయనకూ అది వచ్చి, ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో తేరుకున్నారు. అమెరికాలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. స్ప్రూ రోగులకు అది మందయింది.

చివరగా, ఇందాకటి ఓఆర్‌ఎస్ గురించి ఒక విన్నపం. ఓఆర్‌ఎస్ లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్ లెక్కన 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన మందు. చక్కెర ఎక్కువైతే అది పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. తీపి పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఆదేశం కాగితం మీద ఉంది. పల్లెలో మందుల షాపులో, బడ్డీకొట్టులో ఏం అమ్ముతున్నారో చూడవలసింది మనం. బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న ప్యాకెట్ అడిగి తీసుకోండి. దాని మీద రాసినన్ని నీళ్లలో మొత్తం ప్యాకెట్ కలపండి. గుక్క గుక్కగా తాగించండి. తల్లిపాలు ఆపకండి. ఈ మాట మీ ఇంట్లో, మీ వీధిలో, మీ బడిలో చెప్పండి.